నాలుగు గాజుబిళ్ళలు

"పదీ పది. పదీ పన్నెండు. పదీ పద్దెనిమిది. మళ్ళీ పదీ పది." మ్మా సెలెకె కాగితం మీంచి తలెత్తింది. "ఆరేళ్ళ పాటు ప్రతి నెలా మీ దొర నీమాన్ ఆ షెడ్డులో దుమ్ము కొలిచింది పదింటికే. ఎందుకు, ర్రా మొఖోసి?"

ముసలాయన తన టీ గ్లాసులోకి చూసుకున్నాడు. "దొరనే అడగండి."

"దొర పోయి పంతొమ్మిదేళ్ళయింది."

"అయితే నన్ను కూడా పోయాక అడగండి."

గోడ గడియారం తొమ్మిదీ యాభై చూపిస్తోంది. సాయంత్రం నాలుగింటికి కురుమాన్ పట్నంలో విచారణ. ఇక్కణ్ణించి అక్కడికి గంటంబావు. నేను గుమ్మం పక్కన పీట మీద కూర్చున్నాను. ఒళ్ళో నా ఏడు నెలల కూతురు ఒరాతిలె, మోకాలి మీద నోటుబుక్కు. రెంటిలో ఏదీ జారిపోకుండా చూసుకుంటూ ఇద్దరి మాటలూ రాస్తున్నాను. మా వైపు గౌరవంగా పెద్దావిడనైతే మ్మా అనీ, పెద్దాయననైతే ర్రా అనీ పిలుస్తాం.

తొమ్మిదో తరగతిలో చదువు మానేసినదాన్ని. మ్మా సెలెకె నన్ను పనిలో పెట్టుకున్నది నా చదువు చూసి కాదు. మూతపడిన ఈ గని చుట్టుపక్కల ఏ ముసలావిడ ఎవరి వదినో, ఎవరి తలుపు ఎవరు కొడితే తెరుచుకుంటుందో నాకు తెలుసు. ఆవిడ ఇరవై రెండేళ్ళు పోలీసు శాఖలో చేసి బయటికొచ్చి, ఇప్పుడు గని రోగుల పరిహార ట్రస్టుకి దర్యాప్తులు చేస్తోంది. ఎవరి కేసయినా ఆవిడ అడిగేవి మూడే ప్రశ్నలు. ఎక్కడ? ఎంతకాలం? ఎంత దుమ్ములో? మొదటి రెంటికీ మనుషులు జవాబు చెప్తారు. మూడోదానికి చెప్పేవాళ్ళుండరు. ఆ దుమ్ము ముప్పై ఎనిమిదేళ్ళ కిందటిది.

ఈసారి మాకొచ్చింది మా మేనత్త గాలెబోయే కేసు. నన్ను పెంచింది ఆవిడే. ఇరవయ్యేళ్ళప్పుడు ఆ షెడ్డులో నేలమీద కూర్చుని, సుత్తితో రాయి కొట్టి, నీలం రాతినార, అదే ఆస్బెస్టాస్, విడదీసేది. అలా ఆరేళ్ళు. ఆ పోగులు ఊపిరితిత్తుల్లో దిగాయి. ఇవాళ మంచం దగ్గర్నుంచి తలుపు దాకా రావాలంటే మధ్యలో రెండుసార్లు ఆగుతుంది. కంపెనీ పుస్తకం ప్రకారం ఆ షెడ్డు దుమ్ము అంకె నాలుగు. ఆరేళ్ళతో హెచ్చిస్తే ఇరవై నాలుగు. పరిహారానికి ఇరవై ఐదు కావాలి. ఒక్కటి తక్కువ. పైగా గని రిజిస్టరులో ఆడవాళ్ళ పేర్లే లేవు. వాళ్ళు కొట్టిన రాయంతా మొగుళ్ళ నంబరు మీద పడేది. నాలుగింటిలోగా ఆ అంకె తప్పనీ, మా అత్త ఆ షెడ్డులో ఉందనీ చూపించకపోతే ఫైలు మూసేస్తారు. అత్తకి ఇంటిదగ్గర ఆక్సిజన్ సిలిండర్ రాదు. వచ్చే చలికాలం ఆవిడ ఎలా గడుపుతుందో ఆలోచించాలంటేనే నాకు భయం.

"మీ పని ఏమిటి అక్కడ?" మ్మా సెలెకె అడిగింది.

"పెట్టె మోయడం."

"పెట్టెలో ఏముండేది?"

"దుమ్ము యంత్రం. ఇత్తడిది, అరచేతిలో పట్టేంత. మీట నొక్కితే టక్కుమని గాలి పీల్చి లోపలి గాజుబిళ్ళ మీద కొడుతుంది. బిళ్ళకి వాజలీను పూసుంటుంది కదా, దుమ్ము అంటుకుని చిన్న చుక్క పడుతుంది. బిళ్ళ కాస్త తిప్పితే ఇంకో చుక్క."

"ఒక బిళ్ళకి ఎన్ని చుక్కలు?"

"ముప్పై."

"పుస్తకంలో నెలకి మూడే ఉన్నాయి. తక్కిన ఇరవై ఏడూ ఏమయ్యాయి?"

"నేను మోసేవాణ్ణమ్మా. బస్తాలో ఏముందో గాడిదనా అడిగేది?"

"గాడిదలకి బిళ్ళకి ముప్పై చుక్కలని తెలియదు, ర్రా మొఖోసి."

ఆయన మీసాల్లో ఒక నవ్వు వచ్చి, పూర్తికాకుండానే పోయింది. వెనక వంటింట్లో ఆయన కోడలు మొసిది రోట్లో జొన్నలు దంచుతోంది. ధన్ ధన్ మని ఇల్లంతా అదురుతోంది. ఒరాతిలె చిరాకుపడి ముఖం నా రొమ్ముకేసి రుద్దుకోవడం మొదలుపెట్టింది. పది కొట్టింది. నేను నోటుబుక్కు కింద పెట్టి, శాలువా కప్పుకుని పాలు పట్టాను.

ముసలాయన చెయ్యి దానంతటదే పైకి లేచింది. "మొసిదీ! ఆపు. పదయింది, పిల్లలు పాలు తాగే వేళ."

దంపుడు ఆగింది. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

మ్మా సెలెకె గ్లాసు నోటిదాకా వెళ్ళి అక్కడే ఉండిపోయింది. "పిల్లలా? ఇక్కడున్నది ఒక్కతే కదా."

ముసలాయన చెయ్యి దించాడు.

"ఆ షెడ్డులో పదింటికి సుత్తులు ఆగేవి. అంతేనా?"

"రాసుకోకు పిల్లా," అన్నాడాయన నాతో.

నేను నోటుబుక్కు అప్పటికే తీశాను. పాప తల ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో రాస్తున్నాను.

"ఎంతసేపు ఆగేవి?"

"ఇరవై నిమిషాలు. పదింటికొకసారి, రెండింటికొకసారి. నలభై మంది తల్లులు. పాలు పట్టకపోతే పిల్లలు ఒకటే ఏడుపు. దొరకి తలనొప్పి." గ్లాసు కింద పెట్టాడు. "అంతకంటే నేనేం చెప్పను. చెప్పి ఏం లాభం? నా మాట ఎవడు నమ్ముతాడు?"

మ్మా సెలెకె లేచింది. "నిజమే. ఈ మాట ఒక్కటే పట్టుకెళ్తే కంపెనీ డాక్టరు లుబ్బె ఉఫ్‌మని ఊదేస్తాడు. సెదీ, పద. షెడ్డు చూడాలి."

సెది అంటే నేను. "పాపని అక్కడికి తీసుకురాను. మీరు పనిలోంచి తీసేసినా సరే."

"నేనెక్కడ తీసుకురమ్మన్నాను?"

మొసిది చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఇక్కడే వదిలెళ్ళక్కా. పొద్దున్నే నేల రుద్ది తుడిచాను. చల్లగా ఆడుకుంటుంది."

నేల నిజంగానే అద్దంలా ఉంది. నున్నగా, చల్లగా, లేత నీలం మెరుపుతో. మా ఇంట్లో కూడా ఇలాంటి నేలే, పెళ్ళయిన ఏడాది మా ఆయన వేశాడు. పాపని బోర్లా పడుకోబెట్టాను. అరచేతులు ఆనించి తల పైకెత్తి నన్ను చూసి నవ్వింది. గడియారం చూసుకున్నాను. పదీ ఇరవై ఐదు. రెండింటికి మళ్ళీ పాలు పట్టాలి.

*

షెడ్డుకి చేరేసరికి పదకొండు దాటింది. ముక్కూ నోరూ మూసే గట్టి మాస్కులు, ఒంటినిండా తెల్ల తొడుగులు వేసుకుని దిగాం. సగం కప్పు ఎగిరిపోయింది. నేలమీద రెండు వరసల్లో నలభై బల్లపరుపు రాళ్ళు. ప్రతి రాయి నడుమా సుత్తిదెబ్బలకి గిన్నెలా గుంట పడింది. నేను కాళ్ళు ఆనీ ఆనకుండా నడుస్తున్నాను. మాస్కు బిగుతుగా ఉందో లేదో నాలుగుసార్లు తడిమి చూసుకున్నాను.

మ్మా సెలెకె రాళ్ళ జోలికి పోలేదు. గోడ వెంట వంగి నడుస్తోంది.

"సెదీ, ఇవి ఏమిటి?"

గోడకి మోకాలి ఎత్తులో ఇనప మేకులు, వరసగా. కొన్నిటికి ఇంకా పాత గుడ్డపీలికలు వేలాడుతున్నాయి. నాకు చూడగానే తెలిసింది. మ్మా సెలెకె ఇద్దరు పిల్లల తల్లే, కానీ ఎప్పుడో పోలీసు క్వార్టర్సులో పెంచింది. ఆవిడకి తెలియకపోవచ్చు.

"ఉయ్యాల మేకులు. రెండు మేకులకి దుప్పటి కడితే పిల్లని వెయ్యొచ్చు. తల్లి కూర్చున్నచోటి నుంచి కనిపించాలి కదా."

ఆవిడ టేపు తీసి కొలిచింది. చివరి వరస రాళ్ళ నుంచి మేకులకి మూడడుగులు. షెడ్డు నడుమ స్తంభానికి ఛాతీ ఎత్తున తెల్లరంగు గీత ఉంది. దుమ్ము యంత్రం పట్టుకోవాల్సిన గుర్తు. అది కూడా కొలిచి రాసుకుంది.

"రాళ్ళు కొలిస్తే దుమ్ము తెలుస్తుందా, సార్జెంట్?"

గుమ్మంలో డాక్టర్ రైనార్డ్ లుబ్బె. కంపెనీ తరఫు నిపుణుడు. ఆయన కూడా మాస్కులోనే ఉన్నాడు. చంకలో తోలు అట్ట ఉన్న లావుపాటి పుస్తకం. "ఉద్యోగం పోయినా టేపు మాత్రం వదల్లేదన్నమాట."

"ఉద్యోగం పోలేదు, నేనే వదిలేశాను. మీ మెడలో తాడు ఇంకా కంపెనీ చేతిలోనే ఉంది కనక మీకా తేడా తెలీదు."

"నా పట్టికలు ఏడు దేశాల్లో వాడుతున్నారు. పని పేరు, ఏడాది, అంకె. ఏ గడిలో పడాల్సింది ఆ గడిలో పడుతుంది. మీ గాలెబోయే గడిలో ఇరవై నాలుగు. అసలు ఇంకా తగ్గాలి. రోజుకి నలభై నిమిషాలు విశ్రాంతి తీసుకునేవాళ్ళమని మీ సాక్షులే చెప్పారు. అది తీసేస్తే ఇరవై రెండు."

ఆ మాట వాళ్ళ నోటినుంచి విని రాసుకున్నది నేనే. రోజూ ఎంతసేపు పనిచేసేవారని అడిగితే ముసలమ్మలందరూ పాలు పట్టిన సమయం తీసేసి చెప్పారు. చేతిలో సుత్తి లేకపోతే వాళ్ళ దృష్టిలో అది పని కాదు. నాకూ తట్టలేదు. పిల్లకి పాలు పడుతూ కూర్చుంటే కూర్చున్నట్టే కదా అనుకున్నాను.

"విశ్రాంతి ఎక్కడ తీసుకునేవారని అడిగారా?" అంది మ్మా సెలెకె.

"ఎక్కడైతే ఏం?"

"ఇక్కడ." మేకు మీద వేలు పెట్టింది. "రాయి దగ్గర్నుంచి మూడడుగులు. సుత్తులు ఆగాక పైకి లేచిన దుమ్ము దిగేది ఎక్కడికి, డాక్టరుగారూ? మీ విశ్రాంతి ఒళ్ళోకి. ఆ ఒళ్ళో పిల్ల మీదికి."

లుబ్బె మేకుల వైపు నడిచాడు. మూడడుగులు. అక్కడ కాసేపు నిలబడ్డాడు. తిరిగినప్పుడు గొంతు మునుపటంత ధీమాగా లేదు. "సరే. నలభై నిమిషాలు కలుపుతాను. అయినా ఇరవై నాలుగే."

"ఆ నాలుగు కూడా సుత్తులు ఆగిన వేళ కొలిచిందే."

"తప్పు. నీమాన్ తొమ్మిదింటికీ కొలిచాడు, పదకొండింటికీ కొలిచాడు. మీకిచ్చింది టైపు చేసిన పట్టిక. అసలు పుస్తకం ఇది." పుస్తకం తెరిచి ఆవిడ ముందు పెట్టాడు. "ఆ బిళ్ళలు పాడైపోయాయి. తప్పు నీమాన్‌ది కాదు, పెట్టె మోసేవాడిది. చూడండి, ప్రతిసారీ రాసుకున్నాడు."

నేనూ వంగి చూశాను. ఎర్ర సిరాతో నిటారు అక్షరాలు. *తొమ్మిదీ ఇరవై. బిళ్ళ పాడు. మొఖోసి మొద్దు చేతులు.* తర్వాతి నెలలో మళ్ళీ అదే. దాని తర్వాత నెలలోనూ అదే.

"మొత్తం ఎన్నిసార్లు?" మ్మా సెలెకె అడిగింది. గొంతులో ఏ భావమూ లేదు. ఆవిడ గొంతు అలా చదునుగా అయిపోయిందంటే ఏదో దొరికినట్టు.

"అరవై రెండు."

"సెదీ, టైమెంత?"

"పన్నెండు కావస్తోంది."

"లుబ్బెగారూ, మీ బండిలో సూక్ష్మదర్శిని ఉందా?"

"చిన్నది ఎప్పుడూ ఉంటుంది. ఎందుకు?"

"ఆ పుస్తకం పట్టుకుని నా వెనకే రండి. వచ్చే ధైర్యం ఉంటేనే."

బయట మాస్కులూ తొడుగులూ విప్పి సంచిలో కట్టేశాం. నేను చెప్పులు కూడా అందులోనే పడేశాను. దారిలో బోరింగు దగ్గర బండి ఆపించి చేతులు, మొహం, కాళ్ళు, మెడ కడుక్కున్నాను. లుబ్బె బండి వెనకే ఆగింది. మ్మా సెలెకె గడియారం చూస్తూ హారన్ కొట్టింది. కొట్టనీ అనుకున్నాను. ఒక్క పోగు కూడా పిల్ల దాకా పోకూడదు.

*

ఒరాతిలె నేలమీద ఒక మూల నుంచి ఇంకో మూలకి దొర్లుకుంటూ వెళ్ళి, అక్కడ పెచ్చులూడిన చోట గోళ్ళతో గీరుతూ ఆడుకుంటోంది. నవ్వుతోంది. నా ప్రాణం కుదుటపడింది.

లుబ్బెని చూడగానే ర్రా మొఖోసి కుర్చీలో బిగుసుకుపోయాడు. మ్మా సెలెకె కూర్చోలేదు. పుస్తకం తెరిచి గట్టిగా చదివింది.

"బిళ్ళ పాడు. మొఖోసి మొద్దు చేతులు. మరుసటి నెల, బిళ్ళ పాడు. మొఖోసి మొద్దు చేతులు. ఇంకా చదవనా? అరవై రెండు సార్లుంది. ఈరోజు నాలుగింటికి విచారణలో అందరి ముందూ ఇదే చదువుతారు. గాలెబోయేకి న్యాయం జరగకపోవడానికి కారణం మీ చేతులేనని."

"అరవై రెండా?"

"అరవై రెండు."

ముసలాయన లేచాడు. డెబ్బై దాటిన మనిషి, రెండు చేతులూ చాచి చూపించాడు. "అరవై రెండా? నాలుగు! నా జన్మలో నేను పగలగొట్టింది నాలుగంటే నాలుగు! వాటిని కూడా కావాలని కాదు, చలికి వేళ్ళు కొంకర్లు పోయి జారాయి. ఈ చేతులతో గుడ్లు మోసుకొచ్చేవాణ్ణి రాళ్ళదారిలో, ఒక్కటి చిట్లేది కాదు. మొద్దు చేతులా?"

"మరి మిగతావి ఎవరు పాడుచేశారు?"

"ఎవరూ చెయ్యలేదు! దొర భూతద్దంలో చూసేవాడు. చుక్క నల్లగా ఉంటే కడిగెయ్యమనేవాడు. 'లెక్కకి అందనిది లెక్కలోది కాదు, మొఖోసీ' అనేవాడు. నేను కడిగేవాణ్ణి. పదింటికి తీసినవి మాత్రమే ఉంచేవాడు." దగ్గు తెర వచ్చి ఆగాడు. "నా పేరు రాశాడా దానికి?"

లుబ్బె తల పక్కకి తిప్పుకున్నాడు.

మ్మా సెలెకె ఇప్పుడు చాలా నెమ్మదిగా అడిగింది. "పగిలిన ఆ నాలుగూ? వాటినీ కడిగారా?"

ఆయన చూపు మంచం కిందికి పోయింది.

"మీరు కడగలేదు. పగిలిందని తెలిస్తే ఏంచేసేవాడు దొర?"

"మళ్ళీ భూమి లోపలికి పంపిస్తానన్నాడు. మా అన్న లోపలే పోయాడమ్మా, శవం కూడా దొరకలేదు. అందుకని... పోయాయని చెప్పి దాచేశాను."

"ఎక్కడ?"

ఆయన మంచం కిందికి వంగి, పొడుం డబ్బా ఒకటి తీశాడు. మూత తుప్పుతో బిగుసుకుపోతే మొసిది చాకు పెట్టి లేపింది. లోపల సిమెంటు సంచి కాగితంలో చుట్టిన నాలుగు చిన్న బిళ్ళలు, చీలిన గాజు. వాజలీను పసుపురంగుకి తిరిగింది. అంచు చుట్టూ చుక్కల వరస మాత్రం అలాగే ఉంది. ప్రతి కాగితం మీదా పెన్సిలు రాత.

నేను చదివాను. "*ఒకటి నుంచి మూడు చుక్కలు, గాలెబోయే పక్కన, తొమ్మిదీ ఇరవై.* తారీఖు కూడా ఉంది."

"రాళ్ళకి నంబర్లు లేవుగా," అన్నాడు ర్రా మొఖోసి. "ఎవరి పక్కన తీశామో గుర్తుండాలని పేరు రాసేవాణ్ణి."

కంపెనీ రిజిస్టరులో ఎక్కడా లేని మా అత్త పేరు పొడుం డబ్బాలో ముప్పై ఎనిమిదేళ్ళుగా ఉంది.

"చూడండి డాక్టరుగారూ," అంది మ్మా సెలెకె. "మీ గడిలో ఏ అంకె వెయ్యాలో చెప్పండి."

లోపల వెలుతురు చాలలేదు. లుబ్బె గుమ్మం దగ్గర ఎండపడే చోట మోకాళ్ళ మీద కూర్చుని, సూక్ష్మదర్శిని నేలమీద పెట్టి కన్ను ఆనించాడు. పెదవులు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు. ఆగి, మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఒక్క చుక్కలో ఎనిమిదో వంతులోనే పోగులు అరవై దాటాయి," అన్నాడు చివరికి. "ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. ఇక లెక్కపెట్టలేను."

"అంకె?"

"యంత్రం పీల్చిన గాలితో భాగించినా వందకి తక్కువ ఉండదు."

"నాలుగు కాదు?"

"కాదు."

"అని రాసి సంతకం పెడతారా?"

ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "చూసింది చూశానని రాస్తాను. అంతకంటే ఏమీ రాయను."

"అది చాలు." ఆవిడ గడియారం చూసుకుంది. "ఒంటిగంటా ఐదు. సెదీ, బయల్దేరు."

లుబ్బె లేవలేదు. చెయ్యి నేలకి ఆనించి లేవబోయినవాడు అలాగే ఆగిపోయాడు. గడప దగ్గర అరిగిన చోట వేలితో రుద్దాడు. వేలు ఎండలోకి ఎత్తి చూశాడు.

"ర్రా మొఖోసి, ఈ నేలకి మట్టి ఎక్కడిది?"

"గనివాళ్ళు పారబోసిన గుట్టలదే. మూసేశాక ఊరికే పడుందిగా, ఊళ్ళో అందరం తెచ్చుకున్నాం. సిమెంటులో కలిపితే చీలనే చీలదు. బడి నేల కూడా దాంతోనే వేశారు. ఏం?"

"పాపని ఎత్తండి." ఆ గొంతులో వాదించే మనిషి లేడు. "మొసిదీ, చీపురు ముట్టుకోకు. ఎవరూ ఏమీ ఊడవకండి. అమ్మా, ముందు పాపని ఎత్తండి."

నేను ఎప్పుడు లేచానో, గది ఎలా దాటానో తెలియదు. ఒరాతిలె నా భుజం మీద ఉంది, కిలకిల నవ్వుతోంది. ఎడమచెయ్యి గట్టిగా పిడికిలి బిగించి ఉంది. ఒక్కొక్క వేలే విప్పాను. చెమటపట్టిన చిన్ని అరచేతిలో, పట్టుదారంలా మెత్తగా, నీలం పోగు.

నలభై మంది తల్లులు మూడడుగుల దూరంలో పిల్లల్ని కట్టుకున్న ఆ షెడ్డుకి భయపడి నేను పిల్లని ఇక్కడ పెట్టి వెళ్ళాను.

లుబ్బె బండి వైపు పరిగెత్తాడు. కొత్త దుమ్ము యంత్రం అందులో ఉన్నట్టుంది. మ్మా సెలెకె నా చేతిలోంచి నోటుబుక్కు తీసుకుని ఖాళీ పేజీ తిప్పింది. ఇన్నాళ్ళలో మొదటిసారి పెన్ను తనే పట్టుకుంది.

"'ఎక్కడ' అన్నది రాసుకున్నాను," అంది. "ఎంతసేపు, సెదీ?"

పదీ ఇరవై ఐదు నుంచి ఒంటిగంటా ఐదు. రెండు గంటలా నలభై నిమిషాలు. చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడు మా ఇంటి నేల గుర్తొచ్చింది. నున్నగా, చల్లగా, అదే నీలం మెరుపుతో. పిల్ల జారి పడకూడదని మంచం తీసేసి, పుట్టిన రోజు నుంచీ దాని మీదే పక్కవేసి పడుకోబెడుతున్నాను.

"ఏడు నెలలు," అన్నాను.